మూడో పిలుపు

మా నాయన చిత్తూరు కోర్టులో బంట్రోతుగా పనిచేసినాడు. జడ్జి హాలు బయట నిలబడి వాది ప్రతివాదుల పేర్లు పిలిచే పని. ఒక్కో పేరు మూడుసార్లు పిలవాల. మూడో పిలుపుకు కూడా మనిషి రాకపోతే కేసు అతను లేకుండానే నడుస్తాది. నాయన గొంతు విని, ఆవరణ చివర టీ తాగే వకీళ్లు గ్లాసు కింద పెట్టేవాళ్లంట. రిటైరైన రోజు శాలువా కప్పి, కోర్టుకు ఈయనే మైకు అని పొగిడినారు. మైకుకైతే స్విచ్చి ఉంటాదని అక్కడెవరికీ గుర్తు రాలేదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. "ఏమే" అని మూడుసార్లు. మొదటి పిలుపుకు అమ్మ చేతిలో పని వదిలేయాల. రెండోదానికి గడప దాటాల. మూడోదానికి ఎదురుగా లేకపోతే ఏదో ఒకటి గాల్లోకి లేచేది. లోటా, చెప్పు, ఒకసారి రేడియో. ఏమీ దొరకని రోజు ఉత్త చెయ్యే లేచేది. అమ్మ ఎడమచెవి అట్లనే మందమైంది. ఆ వైపు నుంచి పిలిస్తే ఒక పిలుపు నష్టం. అందుకని ఆమె ఎప్పుడూ కుడిచెవి హాలు వైపుకు ఉండేటట్టు నిలబడి వంట చేసేది. పొయ్యి కూడా ఆ ప్రకారమే పెట్టించుకున్నింది. మా ఇంటి వాస్తు అది.

రిటైరైనాక నాయనకు గ్యాస్ పట్టుకుంది. మా వైపు గ్యాస్ అంటే రోగం కాదు, వేదాంతం. తల నొచ్చినా, మోకాలు పట్టినా, అల్లుడు పలకరించకపోయినా గ్యాసే. వీధి చివర మందుల షాపాయన ఒక క్యాప్సూలు ఇచ్చినాడు.

"పొద్దున్నే కాఫీకి ముందర ఒకటి ఏసుకో అన్నా, కడుపు పువ్వు మాదిరి ఉంటాది."

కడుపు నిజంగానే పువ్వు మాదిరి అయ్యింది. ఎన్నాళ్లు వేసుకోవాలో షాపాయన చెప్పలేదు, నాయన అడగలేదు. పండ్లు తోముకున్నట్టు రోజూ వేసుకుంటా పోయినాడు.

అట్లా ఏడాది పైనే గడిచినాక ఒక ఆదివారం నేను ఇంటికి పోయినాను. నాకు తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం, వినేవాళ్లు ఉన్నా లేకపోయినా. ఆ పొద్దు అమ్మ కాఫీలో చక్కెర మరిచిపోయింది. నాయన ఒక గుక్క తాగినాడు. అమ్మ వంటింటి వాకిట్లో మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏమీ రాలేదు. నాయన నిదానంగా చివరిదాకా తాగి లోటా కింద పెట్టినాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. అమ్మ ఇంకొంచెం సేపు అట్లే నిలబడింది, ఆలస్యంగా వస్తుందేమోనని.

అమ్మకు పాత మొక్కు ఒకటి ఉండేది. ఈ మనిషి కోపం తగ్గితే అలిపిరి నుంచి మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టి కొండెక్కుతానని, నేను పుట్టకముందు మొక్కుకున్నది. ఆ ఎండాకాలమే తీర్చేసింది. వంగి, పెట్టి, లేచి, మళ్లీ వంగి. ఆ వంగిన నడుము పూర్తిగా లేవలేదు. "స్వామి ఆలస్యం చేసినాడు గానీ మర్చిపోలేదురా," అనింది పైకి చేరినాక.

చుట్టాలు కూడా ఒప్పుకున్నారు. "మీ ఆయన మొహంలో కళ వచ్చింది మే, యోగి మాదిరి ఉండాడు," అనింది పెద్దమ్మ. యోగి రెప్ప కూడా సరిగ్గా కొట్టడం లేదు. ముందుకు వంగి, చిన్న చిన్న అడుగులేసి, చేతులు ఆడించకుండా నడుస్తా ఉన్నాడు. గొంతు పక్క గదికి కూడా చేరడం లేదు. ఇదంతా పెద్దరికమని మేము సంతోషపడినాము.

ఇక అమ్మ వంతు వచ్చింది. రెండేండ్లు నడిచింది. నాయన "ఏమే" అంటే ఆమె టీవీ సౌండు పెంచేది. రెండో "ఏమే"కి, "ఏమన్నా అంటివా?" అనేది. మూడోదానికి నిదానంగా వచ్చి ఎదురుగా నిలబడి, "గట్టిగా పిలువబ్బా, కోర్టులో పిలిచినట్టు. నాకు చెవుడు కదా, నువ్విచ్చిందే," అనేది. కాఫీ లోటా ఆయన చెయ్యి చాపితే రవ్వంత అందని చోట పెట్టి, ఆయన వేళ్లు దానికోసం వెతుకుతా ఉంటే చూస్తా కూర్చునేది. ఇంటికెవరన్నా వస్తే ఆయన మూతి పక్క కారే చొల్లు కొంగుతో తుడిచి, "మా చంటోడు," అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. నాయన మొహం మాత్రం ఏమీ చెప్పేది కాదు. నేను అమ్మను అంత హుషారుగా ఎప్పుడూ చూడలేదు. ఒంట్లోకి కండ కూడా వచ్చింది.

నాయన బాత్రూములో పడి నుదురు పగలగొట్టుకోకపోతే ఆ సంసారం అట్లే సుఖంగా జరిగిపోయేది.

పడినాక ఇద్దరినీ తిరుపతిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన నాయన చేత బొటనవేలికి చూపుడువేలు తాటించినాడు. మణికట్టు పట్టుకుని వంచితే అది ఆగి ఆగి, పళ్ల చక్రం తిరిగినట్టు తిరిగింది. నడిపించి, మళ్లించి చూసినాడు. వెనక్కి తిరగడానికి నాయనకు బుడిబుడి అడుగులు చానా పట్టినాయి.

"వణుకు జబ్బు, అదే పార్కిన్సన్స్, లాగే ఉంది. కానీ అది ఒక వైపు మొదలవుతుంది, ఈయనకు రెండు వైపులా ఒకేసారి వచ్చినట్టుంది. ఏం మందులు వాడతారు?"

అమ్మ సంచిలోంచి క్యాప్సూళ్ల అట్ట తీసి ఇచ్చింది. డాక్టరు అది చూసి కుర్చీలో వెనక్కి వాలినాడు.

"దీంట్లో రెండు మందులుంటాయమ్మా. ఒకటి పులితేన్పులు తగ్గించేది. రెండోది అన్నాన్ని కిందికి నెట్టేది. ఆ రెండోది మెదడులోకి కూడా పోతుంది. మన కదలికల్ని నడిపించే డోపమైన్ అనే రసాయనం ఉంటుంది, దాన్ని పనిచేయనివ్వదు. నాలుగు రోజులు వాడితే పర్వాలేదు, ఏళ్ల తరబడి వాడితే కొందరు ఇట్లా బిగుసుకుపోతారు."

"కోపం తగ్గింది సార్ ఈయనకు," అనింది అమ్మ.

"మొహం బిగుసుకుంటే కోపం కనపడదు. గొంతు తగ్గితే వినపడదు. లోపల ఉందో లేదో నేను చెప్పలేను. ఇది ఆపేస్తే చాలామంది కొన్ని నెలల్లో మామూలు మనుషులవుతారు. అట్లా కాకపోతే, అసలు పార్కిన్సన్స్ జబ్బే లోపల దాగుండి ఈ మందుతో ముందుగా బయటపడిందనుకోవాలి. దానికి వేరే మందులున్నాయి."

"ఆపకపోతే?" అని అడిగింది అమ్మ.

డాక్టరు నా వైపు చూసినాడు. "ఆపకపోతే ఇట్లే ఉంటాడు. ఇంకా బిగుసుకుంటాడు."

"ఇట్లే ఉంటాడా," అనింది అమ్మ. రెండో మాట ఎడమచెవిలో పడినట్టుంది.

తిరుగు బస్సులో నాయన నుదుటి మీద పట్టీతో కిటికీ పక్కన నిద్రపోయినాడు. అమ్మ నడుము ఒత్తుకునింది. తర్వాత, "అయితే ఆ మెట్లు?" అనింది.

"స్వామే మందుల షాపాయన రూపంలో వచ్చినాడేమో."

ఆమె నవ్వలేదు. "చదువుకున్నోడివి. ఏం చేద్దామో నువ్వు చెప్పు."

"ఆపేయాలమ్మా. అట్లనే పెడితే మంచాన పడతాడు."

"నీకేమిరా. నువ్వు తిరుపతిలో ఉంటావు."

అయినా ఆపేసింది. మొదటి నెల ఏమీ లేదు. ఆ తర్వాత నడకలో చేతులు ఆడడం మొదలైంది. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. చొల్లు ఆగింది. ఒక పొద్దు పాలోడిని వీధి చివరికి వినబడేటట్టు తిట్టినాడని అమ్మ ఫోన్లో చెప్పింది. నేను సంతోషంగా డాక్టరుకు చెప్పినాను, ఆయనా సంతోషించినాడు. ఆ ఆదివారం నేను పోయేసరికి అమ్మ టీవీ ఆపేసి ఉంది. కుడిచెవి హాలు వైపు పెట్టి దోసెలు పోస్తా ఉంది.

"ఏమే!"

పాత గొంతు. వరండాలో పిల్లి లేచి వెళ్లిపోయింది. అమ్మ మంట తగ్గించింది, కదల్లేదు.

"ఏమే!"

అట్లకాడ పట్టుకుని నిలబడింది. ఆమెకు ఆ రెండేండ్లు అలవాటైపోయినాయి.

"ఏమే!"

మూడో పిలుపుకు మనిషి రాలేదు. నాయన కుర్చీ చేతులు పట్టుకోకుండా ఒక్క ఊపున లేచినాడు. ఒక్క అడుగులో తిరిగినాడు. రెండు చేతులూ సమానంగా ఆడించుకుంటా వంటింట్లోకి పోయినాడు. లేచిన చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు. డాక్టరు చూసింటే చాలా సంతోషించేవాడు.

నేను లేచి అక్కడికి పోయేలోపల విచారణ ముగిసింది. నాయన నన్ను దాటుకుని బయటికి వస్తా, "చట్నీలో ఉప్పు లేదు," అన్నాడు. ఒక్కో అక్షరం స్పష్టంగా వినిపించింది.

ఆ వారమే డాక్టరు దగ్గరికి మళ్లీ పోయినాము. వేళ్లు తాటించి, నడిపించి, మళ్లించి చూసినాడు. అమ్మ కొంగు తలమీదుగా కుడిచెంప దాకా లాక్కుని కూర్చుంది.

"ఇంట్లో చేతులు బాగా ఆడుతున్నాయా అమ్మా?"

"బాగా ఆడతా ఉండాయి సార్."

"చూశారా! మందు ఆపడమే మందు. ఇక ఆ క్యాప్సూలు ఈ జన్మలో వెయ్యొద్దు."

"దాని పేరు ఇంగోసారి చెప్పు సార్. మర్చిపోతే కష్టం."

డాక్టరు చెప్పినాడు. అది నాకే నోరు తిరగని పేరు. అమ్మ కుడిచెవి ముందుకు పెట్టి మళ్లీ చెప్పించుకుని, తనే మూడుసార్లు పలికింది. ఎక్కడా తప్పు పోలేదు.

"ఇంత జాగ్రత్తగా ఉండేవాళ్లు తక్కువ," అన్నాడు డాక్టరు నాతో.

తిరుగు బస్సులో పూతలపట్టు దాకా అమ్మ పెదాలు కదులుతానే ఉండినాయి. పక్క వరుస సీటులో ఉన్న ముసలామె గోవింద నామాలనుకుని తనూ చేతులు జోడించింది. పూతలపట్టు దాటినాక నాయన గట్టిగా ఒక తేన్పు తేన్చి, కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమే. గ్యాస్ మళ్లీ పట్టినట్టుండాది."

అమ్మ మొదటి పిలుపుకే తిరిగింది.

"ఇంటికి పోనీ," అనింది మెత్తగా. "మాత్ర ఇస్తా."