ఉమ్ సలాల్‌లో గంగారాం కాల్చిన రివాల్వర్

ఈ ప్రయాణానికి కారణం అర నిమిషం వీడియో. పంపినవాడు గంగారాం, జగిత్యాల వైపు మనిషి. ప్రపంచకప్ స్టేడియం సైట్‌లో నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నప్పుడు అతను అక్కడే వెల్డర్. తర్వాత ఉమ్ సలాల్‌లో ఒక ఖతరీ పెద్దాయన తోటలో డ్రైవర్‌గా చేరాడు. వీడియోలో అతని చేతిలో పాతకాలపు రివాల్వర్ నకలు. పేల్చగానే తెల్లటి పొగ ముఖాన్ని కప్పేసింది. పొగలోంచి నవ్వుతున్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

తూటాలు రాకముందు సిలిండర్‌లోని ఒక్కో గదిలో మందు పోసి, సీసపు గుండు కూరి, వెనకున్న చిన్న ఉక్కు ముక్కుకి దీపావళి తుపాకీ బిళ్ళలాంటి రాగి టోపీ తొడిగి కాల్చేవారు. అమలాపురంలో చదువుకునే రోజుల నుంచీ నాకు వీటి పిచ్చి. అల్ హిలాల్‌లోని నా గదిలో వీటి కేటలాగులు పదకొండు, నేను కొలతలతో గీసిన బొమ్మలు ఒక ఫైలు నిండా ఉన్నాయి. అసలు వస్తువును మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు. ఒక్క పుస్తకం కూడా తిప్పని గంగారాం కాలుస్తున్నాడు! సిగ్గు విడిచి అడిగాను. పెద్దాయన సరేనన్నాడని చెప్పి, గంగారాం శుక్రవారం రమ్మన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాకా మెట్రో నడవదు కాబట్టి ఏడింటికే టాక్సీ ఎక్కాను. ప్రపంచకప్‌కి ఇంకో ఏడాదే ఉంది, ఊరంతా తవ్వేశారు. "నిన్న ఈ రోడ్డు ఇటు లేదు భాయ్" అని నేపాలీ డ్రైవర్ రెండుసార్లు బండి వెనక్కి తిప్పాడు. వెస్ట్ బే టవర్లు దాటి ఉత్తరానికి సాగి, నలభై నిమిషాల్లో తోట చేరాం. నలభై నాలుగు రియాళ్ళు అయ్యింది.

"జల్ది రాండ్రి సార్, బాబా మీ కోసమే సూస్తుండు" అంటూ గంగారాం గేటు తీశాడు. అతను బాబా అని పిలిచే పెద్దాయన అబూ నాసర్‌కి డెబ్బై ఏళ్ళుంటాయి. హిందీ బాగా మాట్లాడతాడు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, పద్నాలుగు రివాల్వర్లు వరసగా పెట్టాడు. అన్నీ లైసెన్సు ఉన్నవే. ఏది ఏ నమూనాయో, దేని గొట్టం ఎంత పొడవో నేను గడగడా చెప్పాను. "బాగా చదివావు" అని నవ్వి, మందు డబ్బా తెమ్మని గంగారాంకి సైగ చేశాడు. ఆ రివాల్వర్ల పెట్టె తాళంచెవి గంగారాం మొలతాడుకే వేలాడుతోంది. అది చూసి నా కడుపు మండింది.

గురి పలకలు నిలబెట్టడానికి ఇద్దరూ ఇసుక దిబ్బ దగ్గరకు వెళ్ళారు. "బాబా వచ్చేదాక ముట్టకుండ్రి సార్" అని గంగారాం చెప్పే వెళ్ళాడు. వీడా నాకు చెప్పేది అనిపించింది. ఒకటి తీసి, ఖాళీదేనని చూసుకుని, వెనకనున్న సుత్తిలాంటి హ్యామర్ లాగి ట్రిగ్గర్ నొక్కాను. మూడుసార్లు.

వాళ్ళు తిరిగొచ్చాక పెద్దాయన అదే రివాల్వర్‌లో మందు నింపబోతూ, ముందుగా వెనక వైపు పరీక్షించాడు. భూతద్దం పెట్టి చూశాడు. టోపీ లేకుండా కొడితే హ్యామర్ నేరుగా ముక్కుకి తగిలి అంచు నలుగుతుంది. ఈ సంగతి నా కేటలాగులోనే ఉంది.

"ఎవరు చేశారిది?"

నేను నోరు తెరిచేలోపే గంగారాం అన్నాడు. "నేనే బాబా. గల్తీ అయ్యింది."

"మూడేళ్ళు నేర్పాను నీకు. తాళంచెవి ఇటివ్వు."

నిజం రాస్తున్నాను. ఆ క్షణం నాలో ఎక్కడో సంతోషం కదిలింది. గంగారాం తల దించుకుని ముడి విప్పుతున్నాడు. ముడి ఎంతకీ రావడం లేదు. అప్పుడు సిగ్గేసింది.

"అతను కాదు, నేను చేశాను" అన్నాను.

పెద్దాయన భూతద్దం పక్కన పెట్టాడు. చిన్న సంచిలోంచి మూడు కొత్త ముక్కులు తీసి బిగించాడు. "వస్తువు బాగైపోయింది. కానీ అడగకుండా ముట్టినవాడు ఈ రోజు కాల్చడు" అన్నాడు. తాళంచెవి గంగారాం దగ్గరే ఉంచాడు.

గంగారాం ఆరు గుండ్లు కాల్చాడు, అయిదు పలకకి తగిలాయి. చెవులు మూసుకుని పక్కన నిలబడి చూశాను. తర్వాత సబ్బు కలిపిన వేడినీళ్ళతో సిలిండర్ కడుగుతుంటే, అతని చేతులు అన్నం కలిపినంత మామూలుగా కదిలాయి.

తిరుగు ప్రయాణంలో అతని పికప్‌లోనే కూర్చున్నాను. "తప్పు నీ మీద ఎందుకేసుకున్నావు?" అని అడిగాను.

"మిమ్మల్ని తోల్కొచ్చింది నేను గద సార్. ఇంటికొచ్చిన మనిషిని బాబా ముంగట ఎట్ల చిన్నగజేస్త?"

అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. వెళ్ళేటప్పుడు అతని చేతిలోని రివాల్వర్‌ని చూసి కుళ్ళుకున్నాను. వచ్చేటప్పుడు, అతను అలా చెప్పగలిగినందుకు కుళ్ళుకున్నాను. ఈ రెండోది ఇంకా నొప్పిగానే ఉంది.

అటు వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. తిరిగి రావడానికి కారు ముందే మాట్లాడుకోండి, తోటల వైపు టాక్సీలు దొరకవు. నాకూ దొరకలేదు. దొరికి ఉంటే గంగారాంని ఆ ప్రశ్న అడిగేవాణ్ణే కాదు.