పదో నంబరు మడుగు

నేను చేపల శాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసరుగా రిటైరయ్యాను. పార్వతీపురం జిల్లా కేంద్రమయ్యాక వచ్చిన రెండో వేసవికి ముందు, మాఘమాసంలో, నాకొక మెమో అందింది. పట్టణం చుట్టుపక్కల గేలంతో చేపలు పట్టుకోదగ్గ పది చోట్ల జాబితా పదిహేను రోజుల్లో పంపాలి. పర్యాటకుల కోసం కరపత్రం అచ్చు వేయిస్తారట. సర్వీసంతా చెరువుల వేలాలు, చేపపిల్లల పంపిణీ, వలల సబ్సిడీ చూశాను గాని, సరదాకి చేపలు పట్టేవాడికి దారి చూపించమని నన్నెవరూ అడగలేదు. అలాంటి మనిషి మా రికార్డుల్లో ఎక్కడా లేడు.

మెమోతో పాటు ఒక ప్రొఫార్మా వచ్చింది. చోటు పేరు, దూరం, దొరికే చేప, నీటి లోతు, నీడ ఉందా, కారు నిలిపే వీలుందా అని కాలమ్‌లు. ఆఖరిది రిమార్కులు. ప్రభుత్వంలో అసలు సంగతులు రాయాల్సింది ఆ కాలమ్‌లోనే, అందుకే దాన్ని అన్నిటికన్నా ఇరుకుగా గీస్తారు.

తొమ్మిది చోట్లు కుర్చీలోంచి లేవకుండానే రాశాను. నాగావళి రేవులు నాలుగు, చెరువులు మూడు, ఆనకట్ట దిగువన కాలవలు రెండు. కొత్తవాళ్లకి పనికొస్తుందని రిమార్కుల్లో కొంచెం వివరం కూడా ఇరికించాను. కొర్రమీనుకి చిన్న కప్ప ఎర, నాచు అంచున వెయ్యాలి. జెల్లకి వానపాము చాలు, కాని ఎర అడుక్కి తగలాలి. ఇవి చూసి మా పై అధికారి డీడీ గారు, కొండల్లో ఒక్కటీ లేకపోతే ఇది ఏజెన్సీ జిల్లా అని ఎవడు నమ్ముతాడయ్యా అన్నారు. పదోది కొండల్లోంచి తెమ్మన్నారు.

గుమ్మలక్ష్మీపురం పైన కొండల్లో ఒక జాతాపు గిరిజనుల గూడేనికి వెళ్లి, బడి వరండాలో మకాం పెట్టాను. ఊరి పేరు రాయను. ఒకసారి రాసి చేసిన నిర్వాకం చాలు.

తెల్లవారగానే మగవాళ్లు వెదురుబుట్టలు భుజాన వేసుకుని గెడ్డ వైపు బయల్దేరేవారు. కొండవాగుని మా వైపు గెడ్డ అంటాం. నేను నోట్‌బుక్కు పట్టుకుని దారిలో నిలబడి, ఎక్కడికయ్యా, ఏ మడుగుకి అని మర్యాదగానే అడిగేవాణ్ణి. వాళ్లు నన్ను చూసి, ఆకాశం చూసి, వెనక్కి తిరిగి ఇంటికి పోయేవారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. 'స్థానికులు సమాచారం ఇచ్చుటకు విముఖులు' అని టూర్ డైరీలో రాసుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఊరిపెద్ద వచ్చాడు. మెల్లగా అడిగాడు. "బాబూ, మూడ్రోజులై ఊళ్లో సేపకూర లేదు. మీరు బేగి ఎల్లిపోతారా, ఇంకా ఉంటారా?"

వేటకి బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే ఆ పూట వేట పోయినట్టేనట. ఇంక గెడ్డ దాకా నడవడం దండగ. ఆ మాట నాకు మాత్రం తెలీదా? గుమ్మం దిగేవాణ్ణి ఎక్కడికని అడిగినందుకు మా అమ్మ నన్ను ఎన్నిసార్లు కసరలేదు! ఆఫీసు పెన్ను చేతిలో ఉంటే ఇంట్లో నేర్చుకున్నది గుర్తుకు రాదు. ఊరంతటి నోటికాడ కూర తీసేశానని సిగ్గేసింది. నాలుగో రోజు నుంచి నోరు మూసుకున్నాను.

నోరు మూసుకున్నా కళ్లు ఊరుకోవు కదా. గుమ్మలక్ష్మీపురం సంతలో సుక్కమ్మ అనే ఆవిడ ఆకుల మీద రెండు చేపలు పెట్టుకుని కూర్చుంది. అదే గూడెం మనిషి. యాభై దాటింది, ఇంట్లో కోడలూ ఇద్దరు మనవరాళ్లూ. అవి అరచేతిలో సగమంత పొలుసులున్న బంగారు రంగు చేపలు. మా పుస్తకాల్లో మహసీర్ అంటారు. సరదాకి గేలం వేసేవాళ్లు దాని కోసం దేశాలు దాటి వస్తారు. ఒకటి కొని బడికి తెచ్చి పొట్ట కోశాను. చేప ఏ నీళ్లలో తిరిగిందో తెలియాలంటే దాని పొట్ట చూడాలి, ఇది మా వృత్తిలో మొదటి పాఠం. పొట్టనిండా మేడిపండు గింజలు. అంటే, నీళ్ల మీదికి వంగిన మేడిచెట్టు ఉండాలి, కింద లోతైన మడుగుండాలి. గెడ్డ పట్టుకుని పైకి నడిస్తే రెండు గంటల్లో దొరికింది. ఎవరినీ అడక్కుండా కనిపెట్టానని లోలోపల మహా పొంగిపోయాను.

తాడుకి రాయి కట్టి లోతు కొలుస్తుంటే వెనకాల సుక్కమ్మ ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలీదు.

"రాసీసినావా బాబూ?" అంది.

రాశాను, కార్లలో వచ్చే పర్యాటకుల కోసం అన్నాను.

"ఎండాకాలం గెడ్డ ఎండిపోద్ది. సేపంతా ఇందులోకే వొచ్చీసి దాక్కుంటాది. మల్లీ గెడ్డ పారేదాకా మావెవులూ దీన్ని ముట్టుకోం. నీ కార్లోల్లు ఆగుతారేటి? ఈ ఏసంగికే ఊడ్సీస్తారు. మరింక మా పిల్లలకి ఏటి పెట్టమంటావు?"

ఆవిడ చెప్పింది మా శాస్త్రంలోనూ ఉంది. గుడ్లు పెట్టే తల్లిచేపలు వేసవిలో తలదాచుకునే చోటు చెడితే, పై ఏడాదికి గెడ్డ మొత్తం ఖాళీ. నేను పరీక్షలు రాసి తెలుసుకున్నది ఆ గూడెం ఆచారంగా పాటిస్తోంది. జాబితాలోంచి తీయించేస్తానని మాటిచ్చాను.

అప్పటికే, మడుగు దొరికిన సంబరంలో, పదో నంబరు సంగతి నేనే ఫోనులో డీడీ గారికి చెప్పేశాను. మహసీర్ అన్న మాట ఆయనకి తెగ నచ్చేసింది. తీసెయ్యాలంటే కారణం కావాలన్నారు. ఆచారం అన్నాను. అది కారణం కిందికి రాదు, ఏ రూలో చెప్పమన్నారు. సంరక్షణ ప్రాంతంగా ప్రకటించే రూలు ఉంది, కాని దానికి సర్వే, కమిటీ, గ్రామసభ తీర్మానం, పైవాళ్ల ఆమోదం కావాలి. కరపత్రం వచ్చే వారమే అచ్చుకి పోతోంది. నేను సీటుకొచ్చి రిమార్కుల కాలమ్‌లో ఇలా రాశాను: 'మిక్కిలి లోతు, అడుగున సుడి కలదు, ప్రాణహాని.' లోతు నిజమే. సుడి నేను పెట్టిందే.

ఒక్క పూటలో పదో నంబరు ఎగిరిపోయింది. నా సర్వీసులో అంత వేగంగా కదిలిన ఫైలు మరొకటి లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ప్రాణహాని అని రాసిన కాగితం ఒక చోట ఆగదు. నకళ్లు రెవెన్యూకీ, పోలీసుకీ, గ్రామ సచివాలయానికీ వెళ్లాయి. వైశాఖంలో మడుగు దగ్గర ఎర్రటి బోర్డు పాతారు. స్నానం, చేపల వేట నిషేధం. చుట్టూ ముళ్లకంచె వేశారు. బయటివాడు ఒక్కడూ రాలేదు. వానలొచ్చి గెడ్డ పారింది. సుక్కమ్మ ఎప్పటిలాగే బుట్ట పట్టుకుని వెళ్తే, సచివాలయం ఉద్యోగి వెనక్కి పంపించేశాడు. పాపం, ఆయన డ్యూటీ ఆయన చేశాడు.

ఆవిడ బస్సెక్కి పార్వతీపురం మా ఆఫీసుకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"బయటోల్లు రాకుండా సేసినావు, బాగుంది. నన్నెందుకు ఆపినారు?"

నేను రాసింది అబద్ధమని ఆవిడకి చెప్పగలను, కాగితానికి చెప్పలేను. చెబితే తప్పుడు నివేదిక ఇచ్చినట్టు, పెన్షను కాగితాలు కదిలే టైములో. ఇప్పటికీ ఆ పూట నా పిరికితనం తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. మధ్యేమార్గంగా, స్థానికులకు మినహాయింపు ఇవ్వవచ్చునని ఒక లేఖ పెట్టాను. సుడి స్థానికులను ముంచదా అని పైనుంచి ఒకే వాక్యం జవాబు వచ్చింది. అడిగినవాళ్లది తప్పని అనలేను. ఫైలు మూశారు, నేను రిటైరయ్యాను.

కిందటేడు పని మీద గుమ్మలక్ష్మీపురం వెళ్లి సంతలో దిగాను. మడుగులో చేపలు బాగా పెరిగాయని ఎవరో చెప్పారు. సుక్కమ్మ కనిపించింది. సముద్రం నుంచి వచ్చిన ఎండుచేపల కుప్ప ముందు కూర్చుని, విరిగిన ముక్కలు పక్కకి తీసి కొనుక్కుంటోంది. నన్ను గుర్తుపట్టింది, బాగున్నావా బాబూ అంది. బాగున్నానన్నాను.

ఇందులో నేను నేర్చుకున్నది ఒకటే. చోటుని తెరవడానికి మా ఫారంలో కాలమ్ ఉంది, మూయడానికి ఉంది. అది ఎవరిదో రాయడానికి లేదు. లేదని తెలిశాక ఆ మాట మార్జిన్‌లోనైనా రాసి, దాని కింద సంతకం పెట్టి ఉండాల్సింది.