చుట్టం పేరుతో ఒక లాగిన్

మా కంప్యూటర్ మేడం పోయారని మొన్న పొద్దున చెల్లె ఫోన్ చేసి చెప్పింది. ఖమ్మం దవాఖానాలో, గుండెనొప్పితో. అప్పుడు నేను అశ్వారావుపేటలో, పనిచేసే పామాయిల్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందే ఉన్నాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. అడవి అంచున మా ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పిన మనిషి. ఎవరో ఇచ్చిన పాత మిషన్లు, వాటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్. చండ్రుగొండ బస్సు దిగి రాగానే ముందు కిటికీలు తెరిచేవారు, ఆ తర్వాతే మాకు పలకరింపు. అరిచేవారు కూడా, అబద్ధమెందుకు! తెర మీద ఇంగ్లీషులో తప్పు చూపిస్తే మేం భయపడి మూసేసేవాళ్లం. "గది తిడ్తలేదే, చెప్తున్నది. మూసేస్తే ఎట్ల తెలుస్తది? గట్టిగ చదువు!" అనేవారు.

ఒకసారి అప్‌డేట్ చేసే ప్రోగ్రామ్ తెరవగానే ఠక్కున మూసుకుపోవడం మొదలైంది. అది నడవకపోతే నెట్ నుంచి తెలుగు అక్షరాల ఫాంట్లు దిగవు. తెర మీద తెలుగంతా ఖాళీ డబ్బాలే. వార్డెన్ గుమ్మంలో నిలబడి, "మేడం, శనివారం దాక చూస్త. గప్పటికీ పనిచెయ్యకుంటే ఈ గదిల బియ్యం బస్తాలు ఏయిస్త" అంది. బస్తాలు ఒకసారి వచ్చాయంటే మళ్లీ కదలవు. నాకైతే ఏడుపొచ్చింది.

మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కిద్దామన్నాం. మేడం ఒప్పుకోలేదు. "ఆగుండ్రి. ముందు చుట్టాన్ని పిలుద్దాం."

చుట్టం అంటే కొత్త లాగిన్. ఆ పేరే పెట్టారు. "మనింట్ల మనకు అలవాట్లుంటయ్. కొత్తగొచ్చిన చుట్టానికేముంటయ్? ఆయనకు నడిస్తే ఇల్లు మంచిగున్నట్టే, మన అలవాట్లే చెడినట్టు."

చుట్టంగా లోపలికి వెళ్లి నొక్కాం. ప్రోగ్రామ్ తెరుచుకుంది, మూసుకోలేదు! అంటే లోపం మిషన్‌ది కాదు, మా లాగిన్‌లో మార్చిపెట్టిన సెట్టింగులది. ఎవరు మార్చారని మేడం అడగలేదు. ఆ సెట్టింగులున్న ఫోల్డర్ తీసెయ్యబోతే నా చెయ్యి పట్టుకుని, "చెరపకు. పేరు మార్చి పక్కకు పెట్టు" అన్నారు. 'పాత' అని పేరు పెట్టి మా లాగిన్‌లో తెరిస్తే, ప్రోగ్రామ్ కొత్త సెట్టింగులు తనే రాసుకుని నడిచింది. ఫోన్ లైన్ మీద నత్తనడకన దిగిన అక్షరాలతో వార్డెన్ పేరు కొట్టి చూపించాం. "అబ్బో, నా పేరే!" అని మురిసిపోయి బస్తాలు వరండాలో వేయించింది.

ఆ గది మిగిలింది కాబట్టే నాకీ ఉద్యోగం. ఆ మాట చెప్పడానికి వెళ్తే, "మంచిది. అప్‌డేట్లు చేస్తున్నవా మరి?" అని అడిగారు. ఆవిడ అంతే.

నేను కూర్చునే ప్రతి మిషన్‌లో ఒక చుట్టం ఉంటుంది. మొన్న ఫోన్ పెట్టేశాక పక్క సీటు తమ్ముడు లాక్ పడిన నా తెర మీది లాగిన్ పేర్లు చూసి, "ఎవలక్కా ఈ చుట్టం? పేరుంటది గని మనిషి ఎన్నడు రాడు" అన్నాడు.

"మా మేడం" అన్నాను.

తెర మీద నా పేరు, దాని కింద చుట్టం. పక్కన పాస్‌వర్డ్ అడిగే ఖాళీ గడిలో సన్నటి గీత వెలిగి ఆరుతూ, ఎవరో వచ్చి కొడతారన్నట్టు ఉంది.