నాన్న కంటి కట్టు

మా నాన్నకు రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మితే, రెండేళ్ళు అమ్మా నేనూ పొలం చూసుకున్నాం. రెండో ఏడు పంట ఇంటికి చేరాక పెదనాన్న వచ్చాడు.

"కళ్ళు లేని సేద్యం ఇంకెన్నాళ్ళు తమ్ముడూ? ఉగాదికి కౌలుకిచ్చెయ్యి."

నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు.

రాజమండ్రిలో దొరల ఆసుపత్రిలో కంటి పొర తీస్తున్నారనీ, ఇచ్చుకోగలిగింది ఇస్తే చాలనీ పడవవాళ్ళు చెప్పారు. కళ్ళు పీకేస్తారని ఊరు ఊరంతా భయపెట్టింది. ఉన్నవి పనికొస్తే కదా భయం! రెండు అరటిగెలలతో సహా నాన్నను కాలవ పడవ ఎక్కించాను.

దొరగారు కుడికంటిలో చుక్కల మందు వేసి, కాసేపట్లో పొర తీసేశారు. అసలు కష్టం ఆ తర్వాతే. రెండు కళ్ళకూ కట్టు, తలకు చెరోపక్క ఇసుక సంచి, పది రోజులు వెల్లకిలా పడక. తుమ్మితే గాయం విచ్చుకుని కన్ను పోతుందన్నారు. మా నాన్నేమో ముక్కుపొడుము మనిషి!

మూడో రోజు నీళ్ళు తెచ్చేసరికి నాన్న చెయ్యి ముక్కు దగ్గరుంది. పొడుంకాయ మొలలో దాచుకుని తెచ్చాడు. చటుక్కున లాక్కున్నాను.

"ఒక్క చిటికెడేనే తల్లీ!"

"చిటికెడు పొడుముకి పొలం ఇచ్చేస్తావా? పెదనాన్నకి కబురు పంపమంటావా?"

చెయ్యి దించేశాడు. గడ్డం వణికింది. "ఏడవకు నాన్నా, అది కూడా కూడదంట" అన్నాను. నవ్వబోయాడు. నవ్వూ కూడదన్నాను.

కట్టు విప్పినప్పుడు నాన్న నన్ను చాలాసేపు చూశాడు. "ఇంత చిక్కిపోయావేంటమ్మా?" అన్నాడు.

ఉగాదికి పొలం మాదే. కలుపుతీత నాటికి నాన్న మందపాటి అద్దాలకు దారం కట్టుకుని మడిలో దిగాడు. అద్దాల్లో గట్టు ఎత్తుగా కనబడిందో ఏమో, కొంగలా కాళ్ళెత్తి దాటాడు. వంగి, వరి మధ్య నుంచి ఒక మొక్క పీకాడు.

"ఇది ఊదగడ్డి కాదటే? ఆకు మధ్య తెల్లటి ఈనె కనపడట్లేదా? వరి పీకి దీన్ని పెంచుతున్నారేంటి మీరిద్దరూ?"

చూపు పోయినప్పటి నుంచి మేం ఏం చేసినా "మీ ఇష్టం" అనేవాడు. ఆ రెండు ముక్కలూ నా గుండెల్లో ముల్లులా ఉండేవి. ఇప్పుడు మడి మడికీ తిరిగి తిడుతున్నాడు. అమ్మ నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కావాలనే మరో ఊద మొక్క వదిలేసి ముందుకు నడిచాను.