పట్టికలో లేని పాటిదిబ్బ

1958 మార్చిలో నన్ను పురావస్తు శాఖలో ఎక్స్‌ప్లొరేషన్ అసిస్టెంటుగా వినుకొండ తాలూకాకు వేశారు. ఆ హోదాకు జీపు లేదు. సైకిలు, కొలత టేపు, నోటుబుక్కు మాత్రం ఇచ్చారు. తెల్లదొరల కాలంలో తయారైన పురాతన స్థలాల పట్టిక పట్టుకుని, అందులోని ప్రతి చోటికీ వెళ్ళి, ఇంకా ఏం మిగిలిందో రాసుకురావడం నా పని.

గుంటూరు కాలేజీ డిబేటింగ్ సొసైటీలో మూడేళ్ళు నోరు చేసుకున్నవాణ్ణి కనుక ఆ పట్టికను ఊరికే నమ్మలేకపోయాను. అందులో ఉన్నవన్నీ చెక్కిన రాళ్ళే: పాలరాతి పలకలు, స్తంభాలు, శాసనాలు. ఓడకెక్కించి మ్యూజియంలో నిలబెట్టదగినదే దొరల లెక్కలో పురాతన స్థలం. సామాన్యులు వండుకుని తిని పడుకున్న చోటుకు ఆ పట్టికలో గడే లేదు. ఈ మాట మా సూపరింటెండెంటుగారికి విన్నవించాను. ఆయన దొరల దగ్గర పని నేర్చినవారు.

"వాదన బాగుందోయ్. కప్పు ఇద్దామంటే నా దగ్గర లేదు. పట్టికలో లేని దిబ్బ ఒక్కటి చూపించు, చేరుద్దాం" అన్నారు. మే మొదటివారంలో ఆయన తనిఖీ. ఆలోగా చూపించలేకపోతే పాత పట్టికే మళ్ళీ అచ్చవుతుంది.

పాత శిల్పాలేమైనా ఉన్నాయా అని ఊరూరా అడిగాను. రుబ్బురోలు చూపించారు, ఫర్లాంగు రాయి చూపించారు. ఒకాయన తన మామగారిని చూపించి, "మా ఊళ్ళో ఇంతకంటే పాతది లేదండి" అన్నాడు.

ఏప్రిల్ చివర ఒక ఊరి బయట, మిరప వేయబోయే చేలోకి మట్టి తోలుతున్న ఎడ్లబళ్ళు ఎదురయ్యాయి. చేను వెంకాయమ్మగారిది. ఆవిడే దగ్గరుండి తోలిస్తున్నారు. ఆ బూడిదరంగు మట్టిలో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండపెంకు కనిపించింది. అది రెండువేల ఏళ్ళ నాటి పనితనం.

ఈ మట్టి ఎక్కడిదమ్మా అని అడిగాను.

"పాటిమన్ను. పాత ఊరి దిబ్బది. మిరపకి దీన్ని మించిన ఎరువు లేదు. మా అత్తగారి కాలం నించీ తోలుతున్నాం. ఇది కూడా తెలీకుండా ఏం చదివావయ్యా?"

దిబ్బ దగ్గరకు పరుగెత్తాను. పలుగులతో కోసిన నిలువు గోడలో పొయ్యి బూడిద, దాని కింద సున్నపు నేల, పెంకులు, మళ్ళీ బూడిద. దీన్ని మేము సెక్షన్ అంటాం. వారాల తరబడి తవ్వి సాధించే ఆ పొరలను వీళ్ళు ఎరువు కోసం కోసి పెట్టారు. నాకు నవ్వు ఆగలేదు.

"ఎండదెబ్బేమోరా, మంచినీళ్ళు పట్రా" అన్నాడొక బండివాడు.

తోలకం ఆపే అధికారం నాకు లేదు. పట్టికలో లేని దిబ్బకు చట్టం వర్తించదు. రోహిణి కార్తెలోగా దిబ్బంతా చేలకెక్కుతుంది. ఆపమని వెంకాయమ్మగారిని బతిమాలాను.

"ఆపితే మాకేంటి? దొరికింది పట్నం పట్టుకుపోతారు. దొరలూ అంతేగా చేసింది."

సరిగ్గా ఈ వాదనతోనే నేను కాలేజీలో గెలిచాను. ఇప్పుడు ఎదుటిపక్షం నేను. తీసుకుపోకుండా ఆపడం నా చేతిలో లేదనీ, పెట్టెలో సర్దేముందు ప్రతి వస్తువునూ ఊరందరికీ చూపించి అదేమిటో చెబుతాననీ ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ, "అబద్ధమాడలేదు నువ్వు. పడమటి సగం వదిలేస్తాం. తూర్పు సగం జోలికి మాత్రం రాకు" అన్నారు.

సూపరింటెండెంటుగారు వచ్చి, భోజనం మాట మరిచి, ఆ గోడ ముందు గంటసేపు గొంతుక్కూర్చున్నారు. లేచి ఫారం తీశారు. "కనుగొన్నవారు" అన్న గడిలో నన్ను పేరు రాసుకోమన్నారు. పక్కనే ఉన్న వెంకాయమ్మగారిని చూపించి, ఇది ఈవిడకు ముందే తెలుసు, నా పేరు రాయడం తప్పు అన్నాను.

"మళ్ళీ డిబేటా?" అంటూనే ఆవిడ పేరు అడిగారు.

"ఇంటిపేరుతో సహా రాయండి. అయినా కనుక్కోడానికేముంది, అది అక్కడే ఉంటేనూ" అన్నారు వెంకాయమ్మగారు. ఆయన రాశారు.

ఆ తరువాత నా సర్వీసంతటా ఏ ఊరికి వెళ్ళినా, ఎరువుకు మట్టి ఎక్కడినుంచి తోలుతున్నారని ముందు అడిగేవాణ్ణి. శిల్పాల ప్రశ్న ఆఖరున వచ్చేది, చాలా ఊళ్ళలో దాని అవసరమే రాలేదు.