కరియ గొలుసు

మదనపల్లె కొట్లో కుక్క గొలుసులు వేలాడుతుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు తంబళ్లపల్లె దగ్గర మా అవ్వ, గొర్రెల దొడ్డి బయట మా కుక్క కరియను రోజూ రాత్రి గొలుసుతో కట్టేసేది. వదిలితే చిరుత మీదికే దూకుతాడని కట్టేస్తోందనుకుని, వాడి ధైర్యానికి మురిసిపోయేదాన్ని.

ఒక పొద్దున చూస్తే గొలుసు చివర తెగిన తోలుపట్టీ, నెత్తురు మాత్రమే ఉన్నాయి. నేను గొల్లుమన్నాను. అవ్వ దొడ్డిలోకి తొంగి చూసింది.

"గొర్రెలన్నీ ఉండాయి కదమ్మా, యాల ఏడుస్తావు? చిరుతకు కుక్కంటే పానం. కుక్క దొరికితే గొర్రెల జోలికి రాదు."

చిరుత వస్తే కరియ పారిపోకూడదనే కట్టిందన్నమాట.

గొలుసు కడిగింది. సాయంత్రం దానికే ఇంకో కుక్కపిల్లను కట్టింది. అది అవ్వ చెయ్యి నాకింది.

ఆకలికి వచ్చిన చిరుతను ఎప్పుడో క్షమించాను. అవ్వను ఇంకా క్షమించలేదు.