నూట నలభై చెమట చుక్కల తాతయ్య

ఆ రోజుల్లో నాకు కళ అంటే చర్మరంధ్రాలే. వీడియో గేములో మనిషి కనిపిస్తే ముఖం మీద రంధ్రాలు లెక్కపెట్టగలగాలి, ముక్కు పక్కన జిడ్డు మెరవాలి. లేకపోతే అది చంటిపిల్లల బొమ్మ అని నా ఘనమైన అభిప్రాయం. ఇరవై రెండేళ్ల వయసులో అభిప్రాయాలకేం కొదవ! బాపట్లలో ఎరువుల కొట్టు మేడమీద ఉన్న చిన్న గేముల ఆఫీసులో అప్పుడే చేరాను. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లి రావడం. అక్కడి పెద్దాయన్ని చాటుగా అందరం చెమట సారు అనేవాళ్లం (ఆయనకి చెమట పట్టదు, ఆయన చేయించే బొమ్మలకి పట్టి తీరాలి). "నిజంలా ఉండాలమ్మాయ్! చూసినవాడు తువ్వాలు అందించాలి" అనేవారు. ఆ మాట నాకు వేదం.

సరిగ్గా అప్పుడే రేపల్లెలో మా తాతయ్య తద్దినం దగ్గరపడింది. తాతయ్య కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం చేసి రిటైరైన మనిషి. ఆయనకి ఉన్నది ఒకే ఒక్క ఫొటో. ఎవరిదో పెళ్లిలో గుంపుగా తీసింది, అందులోనూ కళ్లు మూసుకున్నాడు. స్టూడియో వాళ్లు దాన్ని పెద్దది చేసి కళ్లు గీసి ఇస్తే నాయనమ్మ చూసి, "ఏంటిది, దొంగని చూసినట్టు చూస్తున్నారు? లోపల పెట్టెయ్యండి" అంది. అందుకని ఏటా ఆ రోజున పీట మీద ఆయన గొడుగు పెట్టి, దానికే బొట్టు పెట్టి దండ వేసేవాళ్లం. (గొడుగు కొత్తదానిలాగే ఉండేది. తడిస్తే పాడవుతుందని వానలో దాన్ని చంకలో పెట్టుకుని తాను తడిసేవాడు.) "ఆయన్ని ఒక్కసారి కళ్లారా చూడాలనుందే. ముఖం మరుపొచ్చేస్తోంది" అని నాయనమ్మ ఫోనులో అంది. "అచ్చం తాతయ్యే వచ్చినట్టు చేసి తెస్తా నాయనమ్మా" అని మాటిచ్చేశాను.

తెనాలిలో మా మావయ్య విగ్రహాలు చేస్తాడు. ఎన్నో ఊళ్ల పెద్దమనుషుల్ని సిమెంటులో నిలబెట్టిన చెయ్యి. సలహా అడిగితే, "ముఖం తర్వాత చూడొచ్చు. మీ తాత గట్టు మీద అల్లంత దూరాన వస్తుంటే, ముఖం కనబడకుండానే ఆయనేనని ఎలా తెలిసేదే? ముందు అది పట్టుకో" అన్నాడు. సిమెంటు కలిపేవాళ్లకి గ్రాఫిక్స్ సంగతి ఏం తెలుసు పాపం అని లోలోపల నవ్వుకున్నాను. మొదటిరోజు నడక సరిచూసుకోవడానికి డబ్బాలూ గొట్టాలూ అతికించి, కళ్లూ ముక్కూ లేని ముతక బొమ్మ ఒకటి చేసి ఫోనులో పడేశాను, అంతే. తర్వాత నెలరోజులూ ముఖమే. మా పనిలో సగం ముఖం చేసి రెండో సగానికి దాన్నే తిప్పి వేసుకుంటాం. దాంతో, ఎడమ చెవి వినిపించక ఎప్పుడూ కుడి చెవి ముందుకి పెట్టి మెడ వంచే తాతయ్య నా చేతిలో నిటారుగా తయారయ్యాడు. చేతి నరాలు బ్రహ్మాండంగా కుదిరాయి, గొడుగు అడ్డొస్తోందని తీసేశాను. నుదుటి మీద నూట నలభై చెమట చుక్కలు. చెమట సారు చూసి తన తువ్వాలు తీసి తెర ముందు పట్టారు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు లేదు.

తద్దినానికి ముందు ఆదివారం లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రేపల్లె పాసింజరు ఎక్కాను. వేమూరు దాటేసరికే నాయనమ్మ ఎలా ఏడుస్తుందో, నేను ఎలా ఓదార్చాలో ఊహించేసుకున్నాను. ఇల్లు చేరి తెర ఆవిడ ముందు పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని చూసింది. గబగబా పమిట నిండా కప్పుకుని రెండు చేతులూ జోడించింది.

"నమస్కారమండి. మా పిల్ల పని బాగా చేస్తోందాండి?" అని, నావైపు తిరిగి మెల్లిగా, "మీ సారుకి చెమటలు పట్టేస్తున్నాయే, ఫ్యాను వేసుకోమను" అంది.

వీడియో కాల్ అనుకుంది! "నాయనమ్మా, తాతయ్య" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. మళ్లీ చూసి, "అవునా? బాగుందమ్మా" అంది, పరాయివాళ్ల పిల్లని మెచ్చుకున్నట్టు. ఆ మర్యాదకే నాకు ఏడుపొచ్చింది. లాప్‌టాప్ మూసి పెరట్లోకి పోయి మొహం కడుక్కుంటుంటే లోపల్నుంచి కేక.

"ఒసేయ్, ఇటు రా! మీ తాత!"

పరిగెత్తాను. మంచం మీద వదిలేసిన నా ఫోను ఆవిడ చేతిలో ఉంది. ఏది నొక్కిందో, తెర మీద ఆ డబ్బాల బొమ్మ. కళ్లు లేవు, ముక్కు లేదు. మెడ ఓ పక్కకి వాల్చి, చంకలో గొడుగుతో గట్టు మీద నడిచిపోతోంది. (చేతులు ఊరికే ఊగుతుంటే బాగాలేదని ఆ గొడుగు పెట్టాను, అంతకు మించి ఆలోచించలేదు.) "తడవండి, తడవండి! గొడుగు మాత్రం భద్రం!" అని నాయనమ్మ ఫోనుని కోప్పడుతోంది. నవ్వుతోంది, కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. పక్కన కూర్చుని నేనూ ఏడ్చేశాను, ఈసారి హాయిగా.

ఆ ఏడు పీట మీద గొడుగు పక్కన ఆ బొమ్మకి పటం కట్టి పెట్టాం. పురోహితుడు గారు దండ వేయబోతూ ఆగి, "కళ్లేవమ్మా?" అన్నారు. "నావి ఉన్నాయిగా, కానివ్వండి" అంది నాయనమ్మ.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు ముడతలూ రంధ్రాలూ చెక్కి తెచ్చి మురిసిపోతుంటే, "మీ మనిషి మెడ ఎటు వాలుస్తాడు?" అని అడుగుతాను. పాపం, ఈవిడకేం తెలుసని లోలోపల నవ్వుకుంటారు. అచ్చం మావయ్య ముందు నాలాగే. రేపల్లె బండిలో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, నాయనమ్మని ఓదార్చే మాటలు సిద్ధం చేసుకుంటూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆ నూట నలభై చుక్కలూ మాత్రం ఇంకా చెరపలేదు. ఎంతైనా తాతయ్య కోసం పడ్డ చెమట కదా.